లెక్క అప్పజెప్పందే ఊరు దాటకూడదు

పద్దులు రాసేవాళ్లకి 'ఇతర ఖర్చులు' అన్న గడి కనిపిస్తే కళ్లు అక్కడే ఆగుతాయి. హమాలీ, పురికొస, కరెంటు, టీలు అన్నీ విడివిడిగా చూపించాక కూడా ఆ గడిలో పెద్ద అంకె కూర్చుందంటే దాని వెనక ఒక కథ ఉందన్నమాటే. క్రీ.పూ. 446 ప్రాంతంలో గ్రీకు నగర రాజ్యం ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ సైన్యాధిపతిగా తన ఖర్చులు అప్పజెబుతూ 10 టాలెంట్ల సొమ్ముకి ఎదురుగా 'అవసరమైన పనికి' అని ఒక్క ముక్క రాశాడట. టాలెంట్ అంటే సుమారు 26 కిలోల వెండి. అంటే 260 కిలోల వెండికి ఒక్క వోచరూ లేదు. జనం మారు మాట్లాడకుండా ఒప్పేసుకున్నారని, గొప్పవాళ్ల జీవిత కథలు రాసిన ప్లూటార్క్ రాశాడు. దండెత్తి వచ్చిన శత్రు రాజ్యం స్పార్టా సైన్యం వెనక్కి తిరిగిపోవడానికి వాళ్ల రాజు సలహాదారుకి ముట్టజెప్పిన డబ్బు అది. దానికి రశీదు ఎవరిస్తారు?

అదే పెరిక్లీస్ గురించి ఇంకో ముచ్చట. ఆయన పెంపకంలో పెరిగిన ఆల్సిబయాడీస్ ఓసారి ఆయన్ని చూడ్డానికి వెళ్తే, 'అయ్యగారు ఖాళీగా లేరు, ప్రజలకి లెక్కలెలా చెప్పాలా అని ఆలోచిస్తున్నారు' అన్నారట గుమ్మం దగ్గర. 'లెక్కలు చెప్పకుండా ఉండేదెలా అని ఆలోచిస్తే సరిపోయేదిగా' అని ఆ కుర్రాడు వెనక్కి తిరిగాడట. ఈ మాట మా షాపులో చెబితే అందరూ నవ్వారు, మా ఓనరు గారు తప్ప.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో లెక్కలు చూస్తాను. బీకాం చదివి, పెళ్లయ్యి, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక ఈ పనిలో చేరాను. సీజన్లో తెల్లారేసరికి లారీలు, ట్రాక్టర్లు దిగుతాయి. టిక్కీల కొద్దీ, అంటే బస్తాల కొద్దీ, తేజ, బాడిగ రకాలు, వాటి పక్కనే ఎవరికీ అక్కర్లేని తాలు కాయలు. యార్డులో కొత్తవాళ్లని తుమ్ములతోనే గుర్తుపడతాం. నా పనల్లా రైతు పేరు, టిక్కీలెన్ని, కాటాలో ఎంత తూగింది, ధరెంత, అందులో కోతలెంత, చేతికెంత అన్నది పట్టీ రాసి ఇవ్వడం. ఇప్పుడు కంప్యూటర్లో ట్యాలీలో కొడతాం గానీ పట్టీ మీద రైతు వేలు పెట్టి చూసే చోటు మాత్రం మారలేదు. తూకం దగ్గర ఒకసారి, కోతల దగ్గర రెండుసార్లు.

ఈ మధ్య దూరవిద్యలో ఎంఏ పొలిటికల్ సైన్స్ కట్టాను. 'ఈ వయసులో ఎమ్మే ఎందుకమ్మా, ప్రమోషన్ ఏమన్నా ఉందా' అని అడిగినవాళ్లకి లేదని చెప్పాను. పాశ్చాత్య రాజనీతి చింతన పేపర్లో ప్లేటోకి కొన్ని పేజీలు, అరిస్టాటిల్‌కి కొన్ని పేజీలు. తత్వవేత్త రాజు, ఆదర్శ రాజ్యం, విప్లవాలకు కారణాలు, మనిషి రాజకీయ జీవి. ఏ ప్రశ్న వస్తుందో, దానికి ఎన్ని సైడ్ హెడింగులు పెట్టాలో జెరాక్స్ షాపు అబ్బాయే చెప్పేస్తాడు. అలా చదువుకుంటే పరీక్ష గట్టెక్కుతుంది గానీ వాళ్లున్న ఏథెన్స్‌లో జనం రోజూ పొద్దున్న లేచి ఏం చేసేవాళ్లో ఒక్క ముక్క తెలియదు. ఎండాకాలం యార్డుకి సెలవులిచ్చినప్పుడు, ఫోన్లో ఇంగ్లీషు అనువాదాలు దొరికితే ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను.

వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ప్లేటో రాసింది కాదు. అరిస్టాటిల్ బడిలో 158 రాజ్యాల పరిపాలనా పద్ధతులు పోగుచేశారట. దాదాపు అన్నీ కాలంలో కలిసిపోయాయి. ఏథెన్స్ రాజ్యాంగం గురించిన పుస్తకం ఒక్కటి ఈజిప్టులో పాపిరస్ అనే జమ్ము కాగితపు చుట్టల మీద దొరికి 1891లో అచ్చయింది. అరిస్టాటిల్ రాశాడో, శిష్యులు రాశారో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ గొడవ వాళ్లది. నన్ను పట్టుకున్న సంగతి వేరు. ఆ పుస్తకాన్ని రాసుకున్నది కొత్త కాగితం మీద కాదు. క్రీ.శ. 78-79లో, రోమన్ చక్రవర్తి వెస్పేసియన్ కాలంలో, దిదిమస్ అనే గుమస్తా తన యజమాని ఎపిమాకస్ పొలం జమాఖర్చులు రాసిన చుట్టలవి. పద్దుల పని అయిపోయాక, వెనక వైపు ఖాళీగానే ఉంది కదా అని ఎవరో ఈ పుస్తకాన్ని అక్కడ ఎత్తి రాయించుకున్నారు. మా నాన్న కూడా పాత చిట్టా పుస్తకాల వెనక పేజీల్లో పోతన పద్యాలు రాసుకునేవాడు. లోకమంతా వెనక వైపు చూసి మురిసిపోయింది. నాకేమో ముందు వైపు దిదిమస్ కూలి ఏ పద్దు కింద రాశాడో చూడాలని ఉంది.

ఆ పుస్తకం రెండో సగమంతా ఎవరి పని ఏంటన్న వివరమే. ఊళ్లో కొలతలు, తూకాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి చీటీ తీసి 10 మందిని పెట్టేవాళ్లు. ఐదుగురు పట్నానికి, ఐదుగురు రేవుకి. సరుకులో కల్తీ లేకుండా చూడ్డానికి ఇంకో 10 మంది. ధాన్యం ధర న్యాయంగా ఉందా, పిండి మర వాళ్లు బార్లీ ధరకి తగ్గట్టే పిండి అమ్ముతున్నారా, రొట్టెలు చెప్పిన బరువు ఉన్నాయా అని చూడ్డానికి వేరేవాళ్లు. మొదట్లో వాళ్లు 10 మందే, తర్వాత పట్నానికి 20, రేవుకి 15 అయ్యారు. వీధులు చూసుకునే 10 మంది ఉండేవాళ్లు. రోడ్డు మీదికి గోడ జరపకూడదు, బాల్కనీ వీధిలోకి పొడుచుకు రాకూడదు, మేడ మీది నీళ్లు తూములోంచి వీధిలో పడకూడదు. పేడ ఎత్తేవాళ్లు కోటగోడకి 10 స్టేడియాల లోపు, అంటే సుమారు 2 కిలోమీటర్ల లోపు, పారబోయకూడదు. ఇది చదివి బాల్కనీలోంచి మా సందు చూశాను. ఆ 10 మందికి ఇక్కడ ఒక్క రోజులో బీపీ వచ్చేది.

చీటీల సంగతి మన పాఠాల్లో ఒక వాక్యంలో తేల్చేస్తారు. ఏథెన్స్‌లో చాలా పదవులకి ఎన్నిక లేదు, లాటరీయే. ఓట్లతో ఎన్నుకునేది సైన్యాధిపతుల్ని, కొన్ని నిధుల కోశాధికారుల్ని, నీటి ఊటలు చూసుకునే అధికారిని. నీళ్ల పని తెలిసినవాడే చేయాలి, లాటరీకి వదలకూడదని వాళ్లకి అనిపించిందన్నమాట, అది మాత్రం నాకు భలే నచ్చింది. మిగతావాటికి, 500 మంది ఉండే సభతో సహా, చీటీయే. 30 ఏళ్లు నిండిన పౌరుడు జీవితంలో రెండుసార్లకి మించి ఆ సభలో కూర్చోకూడదు. చీటీ వేయడం ప్రజాస్వామ్యం, ఎన్నుకోవడం కొద్దిమంది పాలన పద్ధతి అని అరిస్టాటిల్ 'పాలిటిక్స్'లో రాశాడు. ఎన్నికంటే పేరున్నవాడో డబ్బున్నవాడో గెలుస్తాడన్నది వాళ్ల లెక్క. మన రాష్ట్రంలో 2024 అక్టోబరులో పెద్ద లాటరీ తీశారు, 3,396 మద్యం షాపులకి. దరఖాస్తుకి 2 లక్షలు, తిరిగి ఇవ్వరు. ప్రభుత్వం చీటీలు తీస్తే పక్షపాతం ఉండదని మనవాళ్లూ ఒప్పుకున్నట్టే, కాకపోతే షాపుల వరకే.

చీటీ కన్నా నాకు ముఖ్యమనిపించింది ఆ తర్వాత జరిగేది. పదవీకాలం అయ్యాక ప్రతి ఒక్కడూ లెక్క చెప్పాలి. దీన్ని యూథునా అనేవాళ్లు. చీటీ ద్వారా వచ్చిన 10 మంది ఆడిటర్లు పద్దులు పరిశీలిస్తారు, తర్వాత 501 మంది జ్యూరీ ముందుకి వెళ్తుంది. డబ్బు కాజేశాడని తేలితే దానికి పది రెట్లు కట్టాలి. లంచం తిన్నా పది రెట్లే. నిర్లక్ష్యం వల్ల పోయిందని తేలితే పోయినంతే కట్టాలి, గడువు దాటితే రెట్టింపు. దొంగతనానికీ చేతకానితనానికీ తేడా చూసిన ఆ పద్ధతి మీద నాకు గౌరవం కలిగింది. మా దగ్గర రెండిటికీ ఒకటే మాట, 'ఎక్కడో పొరపాటు జరిగింది'.

అంతటితో అయిపోలేదు. తర్వాత మూడు రోజుల పాటు, తెగకి ఒకరు చొప్పున 10 మంది అధికారులు, ఊరి సంత నడిచే వేళకి తమ తెగ మూలపురుషుడి విగ్రహం దగ్గరికి వచ్చి కూర్చోవాలి. ఎవరికైనా ఫిర్యాదు ఉంటే సున్నం పూసిన పలక మీద తన పేరు, ఎవరి మీదో వాళ్ల పేరు, ఏం తప్పు చేశాడు, ఎంత జరిమానా వేయాలి రాసి ఇవ్వొచ్చు. ఆఫీసుకి రమ్మనలేదు, రేపు రండి అనలేదు. జనం కూరగాయలు కొనుక్కునే చోటికే వచ్చి కూర్చున్నారు.

క్రీ.పూ. 330లో కోర్టులో మాట్లాడుతూ ఈస్కినీస్ అనే వక్త ఈ నియమాలన్నీ ఏకరువు పెట్టాడు. లెక్క అప్పజెప్పందే అధికారి దేశం దాటి వెళ్లకూడదు. ఆస్తి దేవుడికి రాసివ్వకూడదు. దత్తత వెళ్లకూడదు. వీలునామా రాయకూడదు. ఊరి డబ్బు ఒక్క కాసు కూడా ముట్టనివాడు సైతం 'ఊరి సొమ్ము నేను తీసుకోలేదు, ఖర్చు పెట్టలేదు' అని రాసివ్వాలి. పూజారులు, పూజారిణులు కూడా లెక్క చెప్పాల్సిందేనట. ఆడవాళ్లకి సభలో మాటా లేదు, ఓటూ లేదు, లెక్క మాత్రం అప్పజెప్పాలి. ఈ వాక్యం మా ఆడపడుచుకి చదివి వినిపిస్తే 'మన ఇంట్లో లాగే కదా వదినా' అంది.

'ముట్టుకోలేదు' అని కూడా రాసివ్వాలన్నది చదివినప్పుడు మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గుర్తొచ్చింది. మేముండేది బ్రాడీపేటలో. ఆ మధ్య ట్రెజరర్ గారు మారారు. కొత్తగా ఆ పని నాకు తగిలించారు, లెక్కలు రాసే మనిషి కదా అని. పాత పుస్తకం ఇమ్మని వెళ్లాను. ఆయన మంచివారే, పండగలకి మా పిల్లలకి చాక్లెట్లు ఇస్తారు.

"బాబాయ్ గారూ, లిఫ్ట్ రిపేరు, నీళ్ల ట్యాంకర్ల బిల్లులు ఉంటే ఇస్తారా, ఫైల్లో పెడతాను."

"ఏమ్మా, మేమేమన్నా తిన్నామనుకుంటున్నావా?"

"అయ్యో, అలా ఎందుకనుకుంటానండీ."

"మరి బిల్లులెందుకు? పుస్తకంలో మొత్తం రాశాగా."

ఆంటీ గారు లోపల్నుంచి కాఫీ తెచ్చారు. కాఫీ తాగాను, బిల్లులు రాలేదు. మర్నాటి నుంచి ఆయన లిఫ్ట్‌లో ఎదురైతే ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టారు.

ఆయనకి కోపం ఎందుకొచ్చిందో నాకు అర్థమైంది. మన దగ్గర లెక్క అడిగారంటే అనుమానించినట్టే. ఎవరిమీదైనా అనుమానం వచ్చినప్పుడే అడుగుతాం కాబట్టి. ఏథెన్స్‌లో పెరిక్లీస్ దగ్గర్నుంచి గుడి పూజారిణి దాకా అందరూ చెప్పాల్సిందే కాబట్టి అడిగించుకోవడంలో నామోషీ లేదు. మనవాళ్లకి ఇది తెలియనిదేం కాదు. తమిళనాడులో ఉత్తరమేరూరు గుడి గోడ మీద 10వ శతాబ్దపు చోళుల శాసనం ఉంది. ఊరి కమిటీలకి తాటాకుల మీద పేర్లు రాసి కుండలో వేసి చిన్నపిల్లాడి చేత తీయించేవాళ్లు. ఇంతకు ముందు కమిటీలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడి పేరు కుండలో వేయకూడదు, వాడి దగ్గరి చుట్టాల పేర్లూ వేయకూడదు. ఆ చుట్టాల జాబితా చదివితే మా మేడ మీద సగం ఫ్లాట్లు పోతాయి.

మన కాలంలో దీనికి దగ్గరగా వచ్చింది నేను కళ్లారా చూసింది ఒక్కటే, ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ. 2005 చట్టంలోనే గ్రామసభ తనిఖీ చేయాలని రాశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని మరుసటి ఏడాదే పట్టాలెక్కించి దేశానికి దారి చూపించింది. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి తనిఖీకి పంపేవాళ్లు. మా అమ్మ వాళ్ల ఊళ్లో ఉండగా మండలంలో ప్రజావేదిక అంటే పిన్నితో కలిసి వెళ్లాను. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు కుయ్యిమంటోంది. ఒక అమ్మాయి మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, చూసి పేర్లు చదువుతోంది. ఒక పేరు రాగానే వెనక నుంచి ఒక పెద్దావిడ లేచింది. "ఆయన పోయి ఏడాది దాటింది కదమ్మా, కాలవ ఎప్పుడు తవ్వాడు?" అంది. జనం గొల్లుమన్నారు. బల్ల వెనక కూర్చున్నాయన మంచినీళ్ల సీసా మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. ఆ పెద్దావిడకి చదువు రాదు. ఇల్లు ఎలా ఉందో కట్టిన మేస్త్రీ కన్నా అందులో కాపురముండేవాడికి, వంట ఎలా ఉందో వండినవాడి కన్నా తిన్నవాడికి బాగా తెలుస్తుందని అరిస్టాటిల్ అన్నది ఇలాంటివాళ్ల గురించే.

అయితే ఇదంతా చదివి ఏథెన్స్‌ని నెత్తిన పెట్టుకోవాలని నాకు అనిపించలేదు. లెక్క అడగడం ఒక్కోసారి పూనకంలా మారేది. క్రీ.పూ. 406లో ఆర్గినూసే దగ్గర సముద్ర యుద్ధం గెలిచిన సైన్యాధిపతుల మీద, తుపానులో మునిగిపోతున్న తమవాళ్లని కాపాడలేదని విరుచుకుపడి, ఒక్కొక్కరినీ విడిగా విచారించాలన్న నియమం పక్కన పెట్టి, ఎనిమిది మందికి కలిపి ఒకే ఓటుతో మరణశిక్ష వేశారు. దొరికిన ఆరుగురిని చంపేశారు. చీటీ ద్వారా ఆ నెల సభ నడిపే వంతు వచ్చినవాళ్లలో సోక్రటీస్ ఉన్నాడు, ఆయన ఒక్కడే చట్టానికి విరుద్ధంగా ఒప్పుకోనన్నాడు. కొద్దికాలానికే జనం పశ్చాత్తాపపడి, ఎగదోసినవాళ్ల మీద కేసులు పెట్టారు. వాట్సాప్ గ్రూపులో ఒకడి ఫొటో పెట్టి తిట్టడానికీ, పలక మీద నీ పేరుతో సహా రాసి ఇవ్వడానికీ మధ్య ఉన్న తేడా ఆ ఊరివాళ్లే ఓసారి మర్చిపోయారు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇది కూడా కాదు. ఆ లెక్కల పుస్తకాలు ఎవరి దగ్గర ఉండేవి? ఊరికి ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో సున్నపు పలకల మీద రాసి ఉంచేవాళ్లు. కట్టే రోజు రాగానే వాటిని గూళ్లలోంచి దించి వసూలు అధికారులకి ఇచ్చేది ఒక ప్రభుత్వ బానిస. వాళ్లు సభ ఎదుట, కట్టినవాడి బాకీ చెరిపేసి, పలకలు తిరిగి అతనికే అప్పజెప్పేవాళ్లు. పదవులు ఏడాదికోసారి మారిపోతుంటాయి, ఏ పలక ఎక్కడుందో తెలిసినవాడు మాత్రం మారడు. ఏథెన్స్ అంగట్లో 1970లో ఒక రాతి శాసనం దొరికింది, క్రీ.పూ. 375 నాటి చట్టం. నాణేలు పరీక్షించేవాడు బల్లల మధ్య కూర్చుని, తెచ్చిన ప్రతి వెండి నాణేన్నీ చూడాలి. లోపల రాగో సీసమో ఉంటే అక్కడికక్కడే అడ్డంగా నరికేయాలి. మంచిదైతే తీసుకోనంటే ఏ వర్తకుడికీ కుదరదు, సరుకు జప్తు చేస్తారు. అంటే ఆ సంతలో ప్రతి బేరం అతని మాట మీద నడిచేది. అతనూ బానిసే. పనిలో కూర్చోకపోయినా, చట్టప్రకారం పరీక్షించకపోయినా 50 కొరడా దెబ్బలు.

బానిస అంటే ప్రాణమున్న పనిముట్టు అని అరిస్టాటిల్ రాశాడు. 'అరిస్టాటిల్ బానిసత్వ సిద్ధాంతాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి' అన్నది మాకు గ్యారంటీ ప్రశ్నట. జెరాక్స్ కాగితంలో జవాబు ఉంది, పొలాల్లో, గనుల్లో పనిచేసే బానిసల గురించి. పెద్దలందరి లెక్కలూ కంఠతా తెలిసి, ఒక్కళ్లని కూడా 'ఇది దేనికి ఖర్చు పెట్టావు' అని అడిగే హక్కు లేని గుమస్తా బానిస గురించి అందులో ఏమీ లేదు. నేను రాస్తే మార్కులు వేస్తారో లేదో చూడాలి.

మా వదిన చెల్లెలు ఒక ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసేది. పైవాళ్లు ఎక్కించమన్న బిల్లులన్నీ తన లాగిన్‌లోనే ఎక్కించేది. ఆడిట్‌లో ఒక బిల్లు మీద అభ్యంతరం వచ్చింది. సంతకం పెట్టినాయనకి మెమో ఇచ్చారు, ఈ అమ్మాయిని రేపట్నుంచి రావద్దన్నారు. మొన్న ఇంటికొస్తే ఆ నాణేల మనిషి సంగతి చెప్పాను, 50 కొరడా దెబ్బలతో సహా. అంతా విని, "జీతమన్నా టైముకిచ్చేవాళ్లా వదినా?" అంది. రేవులో కొత్తగా పెట్టినవాడి జీతం ఏ పద్దులోంచి ఇవ్వాలో కూడా ఆ రాతి మీదే చెక్కించారని చెప్పాను.

"నయమే," అంది. "నాకు ఆఖరి రెండు నెలలదీ ఏ పద్దులో ఉందో వాళ్లకే తెలీదంట."